సెలైన్ అయిపోయాక

1971 జూన్ చివర బొన్‌గావ్ ఆసుపత్రిలో సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. పశ్చిమ బెంగాల్‌లో, తూర్పు పాకిస్తాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు అది. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టిన దగ్గర్నుంచి జనం ఇవతలికి వస్తూనే ఉన్నారు. ఏడాది చివరికి వాళ్ళ సంఖ్య కోటికి చేరింది. ఒక్క బొన్‌గావ్ చుట్టుపక్కలే మూడున్నర లక్షల మంది తలదాచుకున్నారు. పైన వాన, కింద బురద, తాగే నీరూ మురుగునీరూ కలిసిపోయాయి. కలరా అంటుకుంది.

కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ వైద్య పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ పనిచేసే పిల్లల డాక్టరు దిలీప్ మహలనబిస్ తన బృందంతో బొన్‌గావ్ వచ్చేసరికి రెండు గదుల నిండా రోగులు నేలమీదే పడి ఉన్నారు. ఎవరికైనా నరంలోకి సూది ఎక్కించాలంటే ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళూని కూర్చోవాల్సి వచ్చేదని ఆయన చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. సీసాలు చాలవని ఆయనకు కొద్దిరోజుల్లోనే తేలిపోయింది. సీసాలు తెప్పించినా వాటిని ఎక్కించడం వచ్చినవాళ్ళు లేరు.

అప్పుడాయన చేసిన పని ఇప్పుడు మనకు వింతగా ఏమీ అనిపించదు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తా కేంద్రంలోనే తూకం వేయించి, ప్లాస్టిక్ సంచుల్లో నింపించి, వాడే పద్ధతి రాసి అతికించి పంపించారు. బొన్‌గావ్‌లో వాటిని పీపాల్లో కలిపారు. రోగి పక్కన తల్లి ఉంటే తల్లికి, అన్న ఉంటే అన్నకు మగ్గు చేతికిచ్చి తాగినంత తాగించమన్నారు. సరుకుల ఖర్చు లీటరుకు 11 పైసలు పడింది.

నేటి ఓఆర్‌ఎస్ పొట్లానికి అది పూర్వరూపం. ఇప్పటి పొట్లంలో పొటాషియం కూడా ఉంటుంది. బొన్‌గావ్ మందులో లేదు. తూచాల్సిన సరుకు ఒకటి పెరిగితే పొరపాటుకు అవకాశం ఒకటి పెరుగుతుంది. శిబిరంలో అలాంటి సుకుమారాలకు వీల్లేదు.

ఈ ఉప్పూ చక్కెరా అసలు ఎందుకు పనిచేస్తాయి? కలరా క్రిమి పేగు గోడను చీల్చదు, పుండు చెయ్యదు. నష్టమంతా అది వదిలే విషం వల్లే. ఆ సంగతి రుజువైంది కూడా కలకత్తాలోనే. 1959లో శంభునాథ్ దే కుందేలు పేగులమీద ప్రయోగాలు చేసి చూపించారు. (ఆయనకు రావలసినంత పేరు రాలేదు, అది వేరే కథ.) విషం పేగు కణంలోకి చేరాక ఆ కణం క్లోరైడును ఎడతెరిపి లేకుండా పేగులోకి వదిలేస్తుంది. క్లోరైడు వెంట సోడియం, సోడియం వెంట నీరు. జబ్బు ముదిరినవాళ్ళకు గంటకు లీటరు దాకా పోతుంది. పొద్దున నడిచి తిరిగిన మనిషి సాయంత్రానికి కళ్ళు లోతుకుపోయి, నాడి అందకుండా పడి ఉంటాడు. తెలంగాణ పల్లెల్లో గత్తర (కలరా) అన్న పేరు వింటేనే ఊళ్ళు ఖాళీ అయ్యేవంటే ఈ వేగమే కారణం.

అదే పేగు గోడలో ఇంకో దారి ఉంది. విషం దాని జోలికి పోదు. అక్కడ ఉండే ఒక ప్రోటీను సోడియాన్ని ఒంటరిగా లోపలికి రానివ్వదు, గ్లూకోజు తోడుంటేనే రానిస్తుంది. ఒక గ్లూకోజు అణువుతో రెండు సోడియం అయాన్లు లోపలికి పోతాయి. ఈ జోడు ప్రయాణాన్ని 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. సోడియం లోపలికి పోతే నీరు దానంతటదే పోతుంది. అంటే కలరా రోగి పేగు ఒకపక్క కుమ్మరిస్తూనే ఇంకోపక్క పీల్చుకోగలదు. రెండూ తగిన పాళ్ళలో అందాలి, అంతే.

ఆ పాళ్ళు తెలియక ప్రాణాలు పోయాయి. 1962లో మనీలాలో అమెరికా నౌకాదళ డాక్టరు రాబర్ట్ ఫిలిప్స్ ఇలాంటి ద్రవాన్నే తాగించి చూశారు. అందులో ఉప్పు మోతాదు ఎక్కువైంది. 30 మంది రోగుల్లో ఐదుగురు చనిపోయారు. దాంతో ఆ దారి కొన్నేళ్ళు మూతబడింది. అంతకుముందే, 1953లో, కలకత్తా డాక్టరు హేమేంద్రనాథ్ ఛటర్జీ తాను కలరా రోగులకు ద్రవం తాగించి నయం చేశానని లాన్సెట్ పత్రికలో రాస్తే పట్టించుకున్నవాళ్ళు లేరు. చివరికి 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర అమెరికన్ డాక్టర్లు ఢాకాలో 29 మంది రోగుల దగ్గర కూర్చుని, పోయిన నీరెంతో కొలిచి అంతకు తగ్గట్టు తాగించారు. సెలైన్ అవసరం 80 శాతం తగ్గింది.

చక్కెర ఎక్కువైనా చిక్కే. చిక్కటి చక్కెరనీళ్ళు పేగులోకి వెళ్తే ఒంట్లోంచి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతాయి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మిన తియ్యటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది ఇందుకే. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించేదాకా సీసా మీద ఆ మూడక్షరాలు చూసి పిల్లలకు పట్టించిన తల్లిదండ్రులు ఎందరో.

బొన్‌గావ్‌కు వద్దాం. అక్కడ 3,700 మందికి పైగా రోగులకు వైద్యం జరిగింది. చనిపోయినవాళ్ళు 3.6 శాతం. సెలైన్ మీదే ఆధారపడ్డప్పుడు ఆ శిబిరాల్లో 30 శాతం దాకా పోయేవాళ్ళు. పోల్చి చూడడానికి ఇంకో గుంపును విడిగా పెట్టలేదు కాబట్టి ఇది పద్ధతి ప్రకారం జరిగిన ప్రయోగం కాదని అప్పట్లో పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. ఆ మాట నిజమే. కానీ ఆ రెండు గదుల్లో సగం మందిని పక్కన పడుకోబెట్టి మందివ్వకుండా చూడమని ఎవరూ అడగలేరు. 1973లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో కలరా పని చూసే ధీమాన్ బారువా శిబిరాన్ని కళ్ళారా చూసి, తర్వాత ఈ పద్ధతిని పట్టుబట్టి ప్రపంచానికి అందించారు.

ఉప్పూ చక్కెరా పనిచేస్తాయని ఢాకాలో ముందే తేలింది. బొన్‌గావ్‌లో తేలింది, నా దృష్టిలో, అంతకన్నా పెద్ద సంగతి: చదువురాని బంధువు చేతిలో మగ్గు పెడితే డాక్టరు చేసే పనిలో ముప్పాతిక భాగం అయిపోతుంది. యుద్ధంలో వైద్యసాయం అనగానే మనకు విమానాల్లో దిగే పెట్టెలు, గుడారాల ఆసుపత్రులు గుర్తొస్తాయి. అవి కావాలి, కాదనలేం. కానీ కాల్పులు ఆగి విమానాలు వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలేది అక్కడి మనుషులకు పట్టుబడిన పని మాత్రమే. 1971 యుద్ధం తర్వాతి కథంతా దీనికి సాక్ష్యం.

అదే సమయంలో త్రిపుర వైపు ఇంకో ఆసుపత్రి వెలిసింది. లండన్‌లో శస్త్రచికిత్స చదువుతున్న జాఫ్రుల్లా చౌధురి చదువు మధ్యలో వదిలేసి వచ్చి, తోటి డాక్టరు ఎం.ఎ. మోబిన్‌తో కలిసి తూర్పు పాకిస్తాన్‌ను బంగ్లాదేశ్‌గా విడిపించడానికి పోరాడిన ముక్తివాహినిలో గాయపడ్డవాళ్ళ కోసం విశ్రామ్‌గంజ్ దగ్గర వెదురుతో కట్టిన ఆసుపత్రి అది. 480 పడకలు. దాన్ని నడిపిన అధికారి కెప్టెన్ సితారా బేగం. నర్సులు దొరకలేదు. శరణార్థుల్లోంచి వచ్చిన, వైద్యం ఓనమాలు తెలియని యువతులకు కట్లు కట్టడం, సూదులు వెయ్యడం నేర్పించారు. వాళ్ళు నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక 1972లో ఢాకాకు దగ్గరలోని సవార్‌లో చౌధురి గణస్వాస్థ్య కేంద్రాన్ని పెట్టినప్పుడు ఆ అనుభవమే పెట్టుబడి. పల్లె ఆడపిల్లలకు సైకిలు తొక్కడం నేర్పి, ఆరోగ్య కార్యకర్తలుగా ఇళ్ళకు పంపారు. డాక్టరు పట్టా లేని మహిళలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు భద్రంగా చేస్తున్నారని 1975లో లాన్సెట్‌లో వ్యాసం వచ్చింది. డాక్టర్ల సంఘాలకు ఇది మింగుడుపడలేదు. 1982 నాటి బంగ్లాదేశ్ ఔషధ విధానం వెనుకా చౌధురి ఉన్నారు. పనికిరానివీ హానిచేసేవీ అని 1,700కు పైగా మందులను మార్కెట్ నుంచి తొలగించాలని నిర్ణయించిన విధానం అది.

మూడో కథ సుల్లాది. చిట్టగాంగ్‌లో చమురు కంపెనీ అధికారిగా ఉన్న ఫజ్లే హసన్ అబెద్ లండన్‌లోని తన ఫ్లాటు అమ్మేసి, ఆ డబ్బుతో 1972లో సిల్హెట్ ప్రాంతంలోని సుల్లాలో భారత్ నుంచి తిరిగొచ్చిన శరణార్థులకు ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టారు. బ్రాక్ సంస్థ పుట్టింది అలా. 1980లో బ్రాక్ ఒక మొండి పని నెత్తికెత్తుకుంది: దేశంలో ఇల్లిల్లూ తిరిగి తల్లులకు ఉప్పు బెల్లం నీళ్ళు కలపడం నేర్పాలి. పొట్లాలు అందరికీ అందవు. బెల్లం, ఉప్పు ప్రతి ఇంట్లో ఉంటాయి. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు. కొలత చేతివేళ్ళలోనే ఉంది కాబట్టి చెంచా వెతుక్కోనక్కర్లేదు.

కార్యకర్తకు జీతం కట్టిన పద్ధతి నాకు భలే నచ్చుతుంది. ఆమె నేర్పి వెళ్ళాక కొన్ని వారాలకు వేరేవాళ్ళు వచ్చి కొందరు తల్లులను ఎంచుకుని కలిపి చూపించమంటారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత డబ్బు. తల్లులు చక్కగా కలిపి చూపించారు. కానీ పిల్లలకు విరేచనాలైనప్పుడు మాత్రం ఎక్కువమంది అది వాడలేదు! ఎందుకని ఆరా తీస్తే ముడి కార్యకర్తల దగ్గరే బయటపడింది. తమకు విరేచనాలైతే వాళ్ళూ మాత్రలే మింగుతున్నారు. నమ్మకం లేకుండా నేర్పిన పాఠం అప్పగించడానికి పనికొచ్చింది, ఆచరణకు రాలేదు. నమ్మకం లేకపోవడానికి కారణం ఉంది. ఈ నీళ్ళు విరేచనాలను ఆపవు. పోయినదాన్ని భర్తీ చేస్తాయి, రోగం తన గడువు తీరాక తగ్గుతుంది. తల్లి కళ్ళకు కనబడేది మాత్రం ఆగని విరేచనాలే. కార్యకర్తలను ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళి, ఒంట్లో ఏం జరుగుతుందో విడమరిచి చెప్పించి మళ్ళీ పంపారు. ఇళ్ళల్లో మగవాళ్ళను వదిలేశామని గ్రహించి సంతల్లో, మసీదుల దగ్గర కూడా మాట్లాడారు. పదేళ్ళలో కోటీ ఇరవై లక్షల ఇళ్ళు చుట్టేశారు.

మన ఇళ్ళల్లో విరేచనాలైతే ఉప్పేసిన గంజి తాగించే అలవాటు ఉండేది. గ్లూకోజుకు బదులు బియ్యప్పిండితో చేసిన ద్రవం కలరా రోగుల్లో బాగా పనిచేస్తుందని 1980లలో ఢాకా కేంద్రమే తేల్చింది. పిండి పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది కాబట్టి చక్కెర ఒక్కసారిగా ఎక్కువయ్యే బెడద ఉండదు.

1970ల మొదట్లో బంగ్లాదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 200 మందికి పైగా అయిదేళ్ళు నిండకుండానే పోయేవారు. ఇప్పుడది 30 దరిదాపుల్లో ఉంది. ఈ ఘనత అంతా బెల్లం నీళ్ళకే కట్టబెట్టకూడదు. టీకాలు, ఆడపిల్లల చదువు, తిండి, అన్నీ కలిశాయి. అయినా యుద్ధం, తుఫాను, కరువు వరసగా మీద పడ్డ దేశం ఇది.

ఇక 1994 జులై. రువాండాలో నరమేధం తర్వాత అయిదు రోజుల్లో అయిదు నుంచి ఎనిమిది లక్షల మంది సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోని గోమాకు చేరారు. ఓఆర్‌ఎస్ అప్పటికి పాతికేళ్ళ పాత విద్య. పొట్లాలు ఉన్నాయి, టీవీ కెమెరాలు ఉన్నాయి, సాయానికి వచ్చిన సంస్థలు కొల్లలు. అయినా మొదటి నెలలో 50,000 మంది దాకా చనిపోయారు. ఎక్కువమందిని తీసుకెళ్ళినవి కలరా, జిగట విరేచనాలు.

గోమా కింద అంతా గడ్డకట్టిన లావా రాయి. పార దిగదు. మరుగుదొడ్డికి గొయ్యి లేదు, శవాలకు సమాధి లేదు. కివు సరస్సు పక్కనే ఉంది, అందరూ తాగింది ఆ నీళ్ళే. మొదటి వారం శుద్ధి చేసిన నీరు మనిషికి రోజుకు సగటున గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్లు మాత్రమే అందింది. అయితే నీటి కొరతతోనే కథ తీరిపోలేదు. ఢాకా అతిసార కేంద్రం నుంచి ఎ.కె. సిద్దిక్ బృందం గోమా వెళ్ళి, చికిత్స కేంద్రాల్లోకి చేరినవాళ్ళు కూడా ఎందుకు చనిపోతున్నారో చూసింది. వాళ్ళు 1995లో లాన్సెట్‌లో రాసినది చదివితే ఒళ్ళు మండుతుంది. ఒంట్లోకి నీరు ఎక్కించడంలో మందకొడితనం, తాగించడం తక్కువ, తగని రకం సెలైన్, కలరా ఎప్పుడూ చూడని సిబ్బంది. బొన్‌గావ్‌లో ఏ బంధువైనా మగ్గుతో చేసిన పనిని ఇక్కడ దూరదేశాల నుంచి వచ్చిన వైద్య సిబ్బంది చెయ్యలేకపోయారు.

గోమాలో ఇంకో చేదు నిజం ఉంది. నరమేధం చేయించిన నాయకులూ సైనికులూ ఆ శిబిరాల్లోనే ఉండి, సాయంగా వచ్చిన తిండి పంపకాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ ఫ్రాన్స్ విభాగం ఇది భరించలేక అదే ఏడాది చివర్లో శిబిరాల నుంచి తప్పుకుంది. తప్పుకోవడం సరైనదేనా? జబ్బుపడ్డ పిల్లవాడికి ఈ లెక్కలతో పనిలేదు. నాకైతే దీనికి జవాబు దొరకలేదు. గోమా అనుభవంతోనే సాయ సంస్థలు 1997లో కూర్చుని కనీస ప్రమాణాలు రాసుకున్నాయి: మనిషికి రోజుకు 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. స్ఫియర్ ప్రమాణాలంటే ఇవే.

యుద్ధంలో చిక్కుకున్న యెమెన్‌లో వైద్యం నెగ్గింది, ఊరు ఓడింది. 2017 చివరికి అక్కడ కలరా అనుమానిత కేసులు పది లక్షలకు చేరాయి. మరణాలు 2,200 చిల్లర. ఒక్క ప్రాణమైనా పోవలసింది కాదు. కానీ పది లక్షల్లో ఇంత తక్కువమంది చనిపోయారంటే నీళ్ళు తాగించే కేంద్రాలు వీధివీధికీ పనిచేశాయన్నమాట. మరి పది లక్షల మందికి జబ్బెందుకు వచ్చింది? మోటార్లకు డీజిలు లేదు. మురుగు శుద్ధి ఆగిపోయింది. 2016 మధ్య నుంచి ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందికి జీతాల్లేవు. హుదైదా రేవులో సరుకు దించే క్రేన్లు 2015లోనే బాంబుదాడుల్లో ధ్వంసమయ్యాయి. 2018 జూన్‌లో అబ్స్‌లో కొత్తగా కట్టిన కలరా చికిత్స కేంద్రం మీదే బాంబు పడింది. అప్పటికింకా రోగులను చేర్చుకోలేదు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. ఓఆర్‌ఎస్ ఒంట్లోకి నీరు తేగలదు, కుళాయిలోకి తేలేదు. నీటి సరఫరా ఇంజనీరుకు జీతమివ్వడం కూడా వైద్యసాయమేనని దాతలను ఒప్పించడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. పొట్లం ఫొటోకి ఒదుగుతుంది, జీతం ఒదగదు.

కుళాయి బాగయ్యేలోపు కాస్త ఊపిరి పీల్చుకునే సమయమిచ్చేది టీకా. ఇక్కడ హైదరాబాద్ పాత్ర ఉంది. వియత్నాంలో తయారైన కలరా టీకాను సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ మెరుగుపరిస్తే, శాంతా బయోటెక్నిక్స్ దాన్ని షాన్‌కాల్ పేరుతో తయారుచేసింది. కలకత్తా బస్తీల్లో జరిగిన పరీక్షలో అయిదేళ్ళపాటు సుమారు 65 శాతం రక్షణ కనబడింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. నోట్లో పోస్తే చాలు, సూది అక్కర్లేదు. యుద్ధప్రాంతంలో ఇది చిన్న సౌకర్యం కాదు. శాంతాను కొన్న ఫ్రెంచి కంపెనీ సనోఫీ ఈ టీకా తయారీని 2023 చివరికల్లా ఆపేసింది. సరిగ్గా అప్పుడే ప్రపంచంలో కలరా పెరుగుతోంది. అత్యవసర నిల్వలు అడుగంటి, రెండు మోతాదుల చోట ఒక్కటే ఇవ్వాల్సిన గతి 2022లోనే పట్టింది. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్ పేరుతో కొత్త టీకా విడుదల చేసింది.

2017 ఆగస్టు 25 తర్వాత మియన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు పారిపోయి వచ్చారు. గుట్టలమీద వెదురు, టార్పాలిన్ గుడిసెలు, వానలు, కిక్కిరిసిన జనం. గోమా మళ్ళీ జరగడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. జరగలేదు. ఒక్క కలరా కేసు కూడా తేలకముందే, అక్టోబరు 10న టీకా మొదలైంది. 9,00,000 మోతాదులు తెప్పించారు. మొదటి విడతలో ఏడు లక్షల మందికి వేశారు. తాగించడమెలాగో తెలిసిన వేల మంది బంగ్లాదేశ్ కార్యకర్తలు గుడిసెలకు వెళ్ళారు. 1971లో శరణార్థులుగా వచ్చినవాళ్ళ దేశం 46 ఏళ్ళకు శరణార్థులకు వైద్యం చేసింది. పెద్ద ఎత్తున కలరా రాలేదు.

వచ్చింది డిఫ్తీరియా. చాలామంది డాక్టర్లు పుస్తకాల్లో తప్ప చూడని జబ్బు. మియన్మార్‌లోని రఖైన్‌లో పౌరసత్వం లేని రోహింగ్యా పిల్లలకు మామూలు టీకాలు సరిగ్గా అందలేదు. ఆ లోటు నవంబరులో బయటపడింది. గొంతులో పొర కట్టి ఊపిరాడక పిల్లలు ఆసుపత్రులకు రాసాగారు. దీనికి విరుగుడు సీరం గుర్రాల రక్తం నుంచి తీస్తారు. ప్రపంచంలో దాన్ని తయారుచేసేవాళ్ళు అతి తక్కువ. ఎవరికి ఇవ్వాలో, ఎవరిని ఆపాలో డాక్టర్లు ఎంచుకోవాల్సి వచ్చింది. వేల కేసులు వచ్చాయి, 40 మందికి పైగా చనిపోయారు. డిసెంబరు 12న కాక్స్ బజార్ శిబిరాల్లో ఆరు వారాల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలందరికీ డిఫ్తీరియా టీకాలు మొదలుపెట్టారు.